నోట్లో నాలుక లేని సర్వరు

ఆరిన బట్టలు మడతపెడుతుండగా ఫోను మోగింది. ఆఫీసులో మేనేజరు. టీమ్ లీడర్ పోస్టు తనకే ఇచ్చారేమోనని గబుక్కున ఎత్తింది. "సర్వర్లు బిగుసుకుపోయాయమ్మా. ఒక్క పనీ కదలడం లేదు," అన్నాడాయన. భర్త చొక్కా సగం మడతలో వదిలేసి లాప్‌టాప్ తెరిచింది. "ఆదివారం కూడానా?" అన్నాడు భర్త పేపరు వెనకనుంచి. ఆదివారమని ఆయనగారి చొక్కాలు వాటంతటవే మడతపడుతున్నాయా ఏం!

సర్వరుకీ, వేరే గదిలో ఉండే డిస్కుల పెట్టెలకీ మధ్య మాట మోసే ప్రోగ్రామును డ్రైవరంటారు. అది మొరాయిస్తే దారిలో పెట్టడం ఆమె ఉద్యోగం. "మా ఆవిడ డ్రైవర్లకి వైద్యం చేస్తుంది," అని భర్త ఒకసారి చుట్టాల ముందు వేళాకోళమాడితే, "బస్సులవాళ్ళతో నీకేం పనమ్మా?" అని అత్తగారు నిజంగానే కంగారుపడింది. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నవ్వినవాళ్ళందరికీ కాఫీ ఆమే కలిపిచ్చింది.

తెర మీద అంతా పచ్చగానే ఉంది. పలకరిస్తే సర్వరు ఊఁ అంటోంది. నిన్న సర్వరుని నడిపించే లినక్స్ కొత్తది వేశారు, పాత డ్రైవరుకి దానితో పొసగలేదు, డిస్కుల వైపు వెళ్ళే రెండు దారులూ మూసుకుపోయాయి. అలాంటప్పుడు ఏం చేయాలో సెట్టింగుల్లో ఎవరో ఎప్పుడో రాసిపెట్టారు: తప్పు జరిగిందని చెప్పకు, వచ్చిన పనులన్నీ కడుపులో దాచుకుని దారి తెరుచుకునేదాకా ఎదురుచూడు. ఎంతకాలమో రాయలేదు. "మా కోడలికి నోట్లో నాలుక లేదు," అని అత్తగారు వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి మురిసిపోవడం గుర్తొచ్చి ఆమెకి ఒళ్ళు మండింది. అదేదో బిరుదైనట్టు ఇన్నాళ్ళూ తనూ మురిసింది, ఖర్మ!

సరిపడే డ్రైవరు ఎక్కించింది. దారులు తెరుచుకున్నాయి.

"గట్టెక్కించారమ్మా!" అన్నాడు మేనేజరు ఫోనులో. "ఆ లీడర్ పోస్టు మీకే రావాల్సింది. మీవారే వద్దన్నారు."

"మావారా?"

"మొన్న నేను ఫోన్ చేస్తే ఆయనే ఎత్తారుగా. మీరు స్నానానికి వెళ్ళారట. ఇంటిపనితో ఆవిడకి కుదరదండీ అన్నారు. ఇంకొకరికి ఇచ్చేశాం. మీకు చెప్పలేదా?"

ఆమె భర్త వైపు చూసింది. ఆయన పేజీ తిప్పాడు. "నీ మంచికే చెప్పాన్లే. రెండు పడవల మీద కాళ్ళెందుకు?"

ఆమె లాప్‌టాప్ వైపు తిరిగింది.

"ఆ సెట్టింగు మార్చేస్తున్నానండి," అంది ఫోనులో. "ఇకమీద దారి మూసుకుంటే సర్వరు వెంటనే చెప్పేస్తుంది."

"అమ్మో, ఎర్రర్లొస్తే పైవాళ్ళు గోల చేస్తారమ్మా!"

"చెయ్యనివ్వండి."

అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. "ఏమ్మా, మొహం అలా పెట్టుకుని కూర్చున్నావు? ఏం లేదుగా?"

ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటినుంచీ ఆ ప్రశ్నకి ఆమె దగ్గర ఉన్నది ఒకటే జవాబు. అది నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"ఉందత్తయ్యా," అంది.

భర్త పేపరు దించాడు. అత్తగారు కొడుకు మొహంలోకి చూసింది. ఉందన్న జవాబు వస్తే ఏం చేయాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆమెకీ తెలియదు.