నీళ్ళు నిలవని కుర్చీ

పొద్దున్నే కార్ఖానా మేడమీదికి వెళ్ళిన దేలియాకు కుర్చీలో ఆకాశం కనిపించింది. రాత్రి కురిసిన వాన సీటు నిండా నిలిచిపోయింది.

ఫిలిప్పీన్స్‌లోని మందావె ఊళ్ళో, ఆ కుర్చీల కార్ఖానాలో దేలియా ఇన్నాళ్ళూ అల్లికపని చేసింది. బాల్కనీలకని చేసిన ఈ కుర్చీ ఆమె సొంతంగా గీసిన మొదటిది. మధ్యాహ్నం మేడమ్ ఒంపాద్ వస్తుంది. సముద్రం వైపు ఆమె కట్టించిన కొత్త అపార్ట్‌మెంట్లలో ప్రతి బాల్కనీకీ కుర్చీలు కావాలి. ఆమెకు నచ్చితే దేలియా ఇక కుర్చీల బొమ్మలు గీసే బల్ల దగ్గరే ఉంటుంది. నచ్చకపోతే మళ్ళీ అల్లికల వరసలోకి వెళ్ళాలి. యజమాని నోంగ్ విదాల్ ఆ మాట మెత్తగానే చెప్పాడు, కానీ చెప్పాడు.

తప్పు దేలియాదే. "సందు లేకుండా అల్లు, నాంగ్" అని తనే అడిగింది. అందరూ నాంగ్, అంటే అక్కా, అని పిలిచే ముసలి తసింగ్ అల్లికలో సూది కూడా దూరదని ఊరంతా చెప్పుకుంటారు. ఇంట్లో వాడే బెత్తపు కుర్చీకి అది గొప్పే. ఆరుబయట వానకు తడిసే ప్లాస్టిక్ బెత్తపు కుర్చీకి అదే ముప్పని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

తసింగ్ పైకి వచ్చి చూసింది. "ఇందాయ్, పిల్లా, కుర్చీ చేయమంటే చేపల తొట్టి చేశామే!"

"నవ్వకు నాంగ్. నాకు ఏడుపొస్తోంది."

"బోర్లించు. మేడమ్ వచ్చేసరికి ఆరిపోతుంది."

"ఇవాళ ఆరుతుంది. రేపట్నుంచి వాన పడ్డప్పుడల్లా అక్కడివాళ్ళు కుర్చీలు బోర్లించుకుంటూ ఉండాలా?"

తసింగ్ కుర్చీని వంచి నీళ్ళు ఒంపేసింది.

సీటు విప్పి మళ్ళీ అల్లాలి. కానీ ఊరికే సందులు వదిలితే బెత్తం జారి సీటు గుంటపడుతుంది. దేలియా కాగితం మీద గీసింది, కొట్టేసింది, మళ్ళీ గీసింది. ఇంతలో కింద గేటు దగ్గర అన్నం అమ్మే ఆమె కుండలోంచి పుసోల గుత్తి పైకెత్తింది. కొబ్బరాకుతో అల్లిన పొట్లాల్లో బియ్యం పోసి ఉడికించిన అన్నం అది. గుత్తి లేవగానే నీళ్ళన్నీ జలజలా కారిపోయాయి. ఒక్క మెతుకూ రాలలేదు. రోజూ తినేదే. దేలియా ఇవాళే చూసింది.

ఒక పొట్లం తెచ్చి తసింగ్ చేతిలో పెట్టింది. "ఇలా ఏటవాలుగా, ఒక పోగును ఒకటి పట్టుకునేలా అల్లితే?"

తసింగ్ ముఖం ముడుచుకుంది. "పుసో అల్లికా? పసిపిల్లలకు నేర్పేది! నేనది అల్లితే తసింగ్‌కి చూపు మందగించిందంటారు."

దేలియా బతిమాలలేదు. ఆ సీటు అల్లడంలో తసింగ్ వేళ్ళు ఎంత కోసుకుపోయాయో ఆమెకు తెలుసు. ఇంకా అడగడానికి మనసొప్పలేదు.

తసింగ్ పొట్లాన్ని అటూ ఇటూ తిప్పింది. వేలితో నొక్కి చూసింది. తర్వాత కత్తి తీసి, తన అల్లికను తానే అడ్డంగా కోసేసింది.

"నిలబడి చూస్తావేం? బెత్తం అందించు. ఆ పొట్లం మాత్రం నాది, ఆకలేస్తోంది."

మిగతా అల్లేవాళ్ళు కూడా పనులు వదిలి వచ్చారు. ఒకరు కుర్చీ కాళ్ళు కదలకుండా పట్టుకున్నారు, ఒకరు బెత్తం కోసిచ్చారు.

"నాంగ్ మళ్ళీ చిన్నబడిలో చేరింది!" అన్నాడొకడు.

"నీ నోటికి మాత్రం సందు లేకుండా అల్లుతా, ఉండు" అంది తసింగ్, తలెత్తకుండానే.

మేడమ్ ఒంపాద్ వచ్చింది. కుర్చీలో కూర్చుంది, వెనక్కి వాలింది, లేచింది. చేతిలో ఉన్న సీసాడు నీళ్ళూ సీటు మీద గుమ్మరించింది. నీళ్ళు క్షణం కూడా ఆగకుండా జారి ఆమె చెప్పుల మీదే పడ్డాయి. నోంగ్ విదాల్ గబుక్కున గుడ్డ అందుకున్నాడు.

ఆమె తడిసిన కాలివేళ్ళు ఆడించి నవ్వింది. "అన్ని బాల్కనీలకీ ఇదే. దీని పేరేంటి?"

కుర్చీకి గీసినవాళ్ళ పేరు పెట్టడం అక్కడి అలవాటు. నోంగ్ విదాల్ నోరు తెరిచేలోపే దేలియా అంది, "తసింగ్."

"వద్దే తల్లీ! నీళ్ళు కారే కుర్చీకి నా పేరా? ముసలిదానికి ఆ జబ్బు కూడా మొదలైందనుకుంటారు!"

అందరూ గొల్లుమన్నారు. దేలియా కూడా నవ్వింది. ఆమె తసింగ్ దగ్గరికి వెళ్ళి, ఆ కోతలు పడ్డ చేతిని తీసుకుని నుదుటికి ఆనించుకుంది. ఇంట్లో అమ్మమ్మకూ తాతకూ చేసే మర్యాద అది. కార్ఖానాలో ఎవరూ ఎవరికీ చేయరు.

అందరూ చూస్తున్నా తసింగ్ చేతిని వెనక్కి తీసుకోలేదు.