తూకం తప్పిన కెమెరా

అర్బాబ్ నాసర్ దుకాణంలోకి వచ్చి ఏమీ తీసుకోకుండా నిలబడ్డాడంటే చెప్పబోయే మాట బరువైనదని అర్థం. ఆ రోజు ఆయన ఖర్జూరం నోట్లో వేసుకోలేదు, పెప్సీ అడగలేదు. గోడకు పేర్చిన వీడియో క్యాసెట్ల వైపు చూస్తూ, తనకు అలవాటైన హిందీ అరబ్బీ కలిపి, నిదానంగా అన్నాడు.

"దస్తగీర్, వచ్చే నెల నా చిన్నకూతురి పెళ్ళి. ఆడవాళ్ళ వైపు నీ భార్యే వీడియో తియ్యాలి. మా అమ్మ ఈసారి చివరిదాకా చూడాలి. పిల్ల పందిట్లోకి నడిచి వచ్చేది చూడాలి. పోయినసారి లాగే అయితే ఖలాస్. దుకాణం కాగితం మీద సంతకం పెట్టను. నా తమ్ముడి దగ్గర మనిషి ఉన్నాడు, అతనికి ఇచ్చేస్తాను."

మస్కట్ దగ్గరి బర్కాలో నా దుకాణం లెక్క ఇదీ. అర్బాబ్ అంటే నా వీసాకు పూచీ ఉన్న ఇక్కడి యజమాని. సరుకు నాది, కష్టం నాది, బోర్డు మీద పేరు ఆయనది. సంతకం లేకపోతే దుకాణం లేదు. దుకాణం లేకపోతే నా వీసా లేదు. నా వీసా మీద వచ్చిన నా భార్య చాంద్ బీకీ లేదు. రాయచోటిలో మాకు మిగిలింది మా నాన్న దూదేకే విల్లు ఒక్కటే. మిషన్లు వచ్చాక దాన్ని అటక మీద పడేశాం. అటక మీది విల్లును నమ్ముకుని ఎవరూ వెనక్కి పోరు.

పోయినసారి అంటే ఆయన పెద్దకూతురి పెళ్ళి. ఇక్కడ ఆడవాళ్ళ పందిట్లో మగవాడు అడుగు పెట్టడు. అక్కడ తీసిన క్యాసెట్టును మగవాడు చూడను కూడా చూడడు, పెళ్ళికూతురి తండ్రి అయినా సరే. చుట్టుపక్కల కెమెరా పట్టగల ఆడమనిషి లేదని గమనించే నేను పెద్ద వీడియో కెమెరా కొని చాంద్ బీకి నేర్పాను. బేరం మంచిదే. కాని ఆమె దాన్ని భుజాన పెట్టుకుని గుంపులో నడిస్తే అడుగడుక్కీ బొమ్మ ఎగిరిందట. తుంటి విరిగి మంచాన పడి ఉన్న అర్బాబ్ తల్లి ఆ క్యాసెట్టు పెట్టించుకుని, కాసేపటికే కళ్ళు తిరిగి కక్కుకుంది. తర్వాత ఎవరు పిలిచినా గోడవైపు తిరిగే పడుకుందట.

మూడు కాళ్ళ స్టాండు పెడితే ఊగదు నిజమే. కాని పెళ్ళికూతురు నడిచి వస్తుంటే ఆమెకు ఎదురుగా వెనక్కి నడుస్తూ తియ్యాలి. స్టాండు నడవదు.

అంతకు ముందు బర్కా కోట దగ్గర తెల్లవాళ్ళు సినిమా ఏదో తీస్తుంటే చూశాను. వాళ్ళ మనిషి నడుముకు పట్టీ, పట్టీకి ఇనుప చెయ్యి, ఆ చేతికి కెమెరా. మెట్లు పరుగెత్తి ఎక్కినా కెమెరా ఊగలేదు. అలాంటిది కొనే స్తోమత నాకు లేదు. కాని చూస్తున్నంతసేపూ నాకు మా నాన్న విల్లే గుర్తొచ్చింది. అంత బరువైన విల్లును ఆయన పైకప్పు నుంచి తాడుతో వేలాడదీసేవాడు. సరైన చోట కడితే చిటికెన వేలికి కదిలేది. కట్టిన చోటు కొంచెం జరిగితే మూతి నేలకు కొట్టుకునేది. బరువు మొయ్యడం వేరు, బరువును నిలబెట్టడం వేరు. రెండోది తక్కెడ పట్టినవాడికి కొత్త కాదు.

హైవే పక్కన గ్యారేజీలో వెల్డింగ్ చేసే పెంచలయ్య దగ్గరికి పోయాను. రాజంపేట మనిషి, నోరు ఊరుకోదు.

"ఏంది దస్తగిరన్నా, కెమెరాకు కాలు కట్టిస్తాండావా?"

"కాలు గాదు, తోక. పైన కెమెరా, కింద ఇనుప బిళ్ళ, నడిమధ్య చెయ్యి పట్టేది."

"నడిమధ్య పట్టుకుంటే గిర్రున తిరుగుతాది గదా!"

"తిరగాల. మనిషి తిరిగినా అది తిరక్కుండా ఉండాలంటే పిడి తిరగాల."

"నాకు అర్థం గాలా. నీకన్నా అయ్యిందా?"

నాకూ పూర్తిగా కాలేదు. మొదట తలుపు మడతబందు పెట్టి చేశాం. అది ఒకవైపే వంగింది, రెండోవైపు చేతి కుదుపంతా కెమెరాకు ఎక్కింది. రెండోది చేస్తే దుకాణంలో పట్టుకుని నిలబడగానే వెల్డింగ్ ఊడింది. కెమెరా బియ్యం బస్తా మీద పడింది కాబట్టి బతికింది. నేల మీద పడి ఉంటే నా లెక్క అక్కడే మూసేసేవాణ్ణి. చాంద్ బీ పరుగెత్తుకొచ్చి కెమెరాను బిడ్డను ఎత్తినట్టు ఎత్తుకుంది. నేను బస్తా మీద కూర్చుండిపోయాను.

"ఏమయ్యా, మస్కట్ నుంచి ఎవర్నన్నా పిలిపిస్తే?" అంది చాంద్ బీ.

"పిలిపిస్తే పెండ్లి వాళ్ళది అయితాది, దుకాణమూ వాళ్ళదే అయితాది."

చివరికి పెంచలయ్యే దారి చూపాడు. నట్లు విప్పే సాకెట్ల పెట్టెలో మెడను ఎటు కావాలంటే అటు వంచే కీలు ఒకటి ఉంటుంది. దాన్ని తీసి పిడికి అతికించాడు. ఆ కీలు కెమెరాకు సరిగ్గా కింద, మొత్తం బరువు నిలిచే చోటికి వెంట్రుకవాసి పైన రావాలి. కింద బిళ్ళ బరువెక్కువైతే గడియారం పెండ్యులంలా ఊగుతుంది. తక్కువైతే కెమెరా తలకిందులవుతుంది. ఆ రెండింటి మధ్య ఉన్న సందులో దాన్ని నిలబెట్టడానికి దుకాణంలోని ఇత్తడి తూకపురాళ్ళన్నీ వాడాను. ఎంత నాజూకుగా నిలబెట్టానంటే, నోటితో ఊదితే కెమెరా తల తిప్పేది.

ఖర్జూరపు తోట పక్కన మట్టిదారిలో చాంద్ బీ దాన్ని పట్టుకుని నడిచింది. కంటికి కెమెరా ఆనించే వీలు లేదు కాబట్టి అద్దంలో చూడకుండా, గురి చేతితోనే. ఇంటికొచ్చి టీవీలో పెడితే దారి నీళ్ళమీద పడవలో పోతున్నట్టు సాగింది.

"అబ్బ! నేనేనా ఈ నడిచింది?" అంది.

నేను మాత్రం రోజూ ఒకే పాత క్యాసెట్టు వాడాను. కొంచెం తీసి, చూసి, మొదటికి తిప్పి, మళ్ళీ దాని మీదే తీశాను. కొత్తవి అమ్మే సరుకు.

"నిండా ఒక క్యాసెట్టు తియ్యనీ. అంతసేపు మోస్తే నా చెయ్యి ఉంటాదో ఊడతాదో చూస్తా."

"సీలు విప్పితే అమ్ముడుబోదు. నొస్తే దించుకో."

"అవున్లే, నా చేతికి సీలు లేదు గదా."

పెళ్ళిరోజు పొద్దున ఆమెకు ఒకటే చెప్పాను. "దాని మీద వేలు పెట్టొద్దు. వేలు పెడితే కుదుపు ఎక్కుతాది. అదే నిలబడతాది."

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక చాంద్ బీ లోపలికి పోయింది. ఆడవాళ్ళ పందిరి చుట్టూ ఎత్తైన గుడ్డ గోడ. నేను బయట పికప్‌లో కొత్త బ్యాటరీలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. లోపల డప్పులు మొదలయ్యాయి. తర్వాత ఆడవాళ్ళు నాలుక ఆడించి చేసే ఆ సంతోషపు కేక, ఒకరి మీద ఒకరు అందుకుని, గుడ్డ గోడ దాటి వచ్చింది. పెళ్ళికూతురు నడుస్తోందన్నమాట. నేను కళ్ళు మూసుకుని చాంద్ బీ అడుగులు ఊహించుకున్నాను.

కాసేపటికి మల్లీశ్వరి బయటికొచ్చింది. పులివెందుల ఆమె, అర్బాబ్ ఇంట్లో పని. చేతిలో నిండిన మొదటి క్యాసెట్టు.

"అన్నా, అక్క బ్యాటరీ ఇమ్మనింది. దీనికేదో ముక్క విరగ్గొట్టి ఇయ్యమనింది."

మీద మళ్ళీ రికార్డు కాకుండా క్యాసెట్టు వీపున చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, దాన్ని తీసెయ్యాలి. చాకు తీసి, తూచే అలవాటు కొద్దీ క్యాసెట్టును నడిమికి వేలి మీద ఆనించాను. అది ఒకవైపు వాలి ఒళ్ళో పడింది.

మళ్ళీ ఆనించాను. మళ్ళీ అదే వైపు వాలింది.

రీలంతా ఒక చక్రం మీద నుంచి ఇంకో చక్రం మీదికి పోయింది. కెమెరాలో ఆ చక్రాలు ముందూ వెనకా ఉంటాయి. మొదట ముందున్న బరువు తీస్తున్నకొద్దీ వెనక్కి జరుగుతుంది. వెనక బరువెక్కితే కెమెరా మూతి పైకి లేస్తుంది. నేను రోజూ క్యాసెట్టు మొదట్లోనే తూచాను. ఊదితే కదిలేంత నాజూకుగా తూచాను. అద్దంలో చూసుకునే వీలు ఆమెకు లేదు.

"మల్లీశ్వరీ, పెండ్లికూతురు ఈ క్యాసెట్టులోనే వచ్చిందా?"

"దీని చివర్లోనే. ఇప్పుడు కుర్చీలో కూర్చునింది. అక్క ఎంత బాగా తీసిందో అన్నా! ఎనక్కి ఎనక్కి నడిచింది, దాని మీద వేలు గూడా పెట్టలా."

జేబులో మిగిలిన చిన్న ఇత్తడి రాయి తీశాను, మీద ప్లాస్టరు చుట్టాను.

"ఇది అక్కకియ్యి. క్యాసెట్టు సగమైనాక కెమెరా మూతి కింద అంటించమను. మూతి పైకి లేస్తాందేమో చూసుకోమను. లేస్తే వేలు పెట్టి దించమను."

"నేను అన్నం పళ్ళేలు మోయాల్నా, నీ రాళ్ళు మోయాల్నా?"

"నీకు దండం పెడతా తల్లీ, పో."

ఆమె నా మొహం చూసి, రాయి తీసుకుని పోయింది.

తిరిగి పోతూ దారిలో చాంద్ బీకి చెప్పాను. కుడిచెయ్యి వాచి ఉంది, ఎడమచేత్తో దాన్ని పట్టుకుని కూర్చుంది.

"వేలు పెట్టొద్దంటివి."

"అంటి."

"ఇప్పుడే అర్బాబ్‌కు చెప్పు."

నేను బండి ఆపలేదు. చెబితే దుకాణం ఈ రోజే పోతుంది, చెప్పకపోతే రేపు పోవచ్చు, పోకపోవచ్చు. వ్యాపారి ఎప్పుడూ రేపటి వైపే మొగ్గుతాడు.

మరునాడు పొద్దున అర్బాబ్ మజ్లిస్‌లో, మగవాళ్ళు కూర్చునే గదిలో, నేనూ ఆయనా గోడకు ఆనుకుని కూర్చున్నాం. పక్కగదిలో ఆయన తల్లి మంచం, టీవీ. క్యాసెట్టు పెట్టడానికి చాంద్ బీ లోపల ఉంది. మా ఇద్దరికీ వినబడేది చప్పుడు మాత్రమే.

"నా కూతురి పెళ్ళి నేను చెవులతో చూడాలి" అని నవ్వాడు అర్బాబ్. సంతోషంగానే ఉన్నాడు. కాఫీ పోసే కుర్రవాడు నా చిన్న కప్పు నింపాడు.

మల్లీశ్వరి ఆ గది గుమ్మంలో నిలబడి, అర్బాబ్‌కు రాని తెలుగులో, పని చెప్పినట్టు మొహం పెట్టి చెప్పసాగింది.

"పెద్దామె చూస్తాంది. కండ్లు తిరగలా. అందరి పేర్లూ చెప్తాంది."

డప్పులు వినబడ్డాయి. కప్పు మళ్ళీ నిండింది.

"అన్నా, మనుషుల గదుమలు తెర కిందికి పోయినాయి."

"ఇంక?"

"ఇప్పుడు నొసళ్ళే కనపడతాండాయి."

ఆ సంతోషపు కేక మొదలైంది. నిన్న గుడ్డ గోడ బయట విన్నదే. లోపల ముసలామె ఏదో గట్టిగా అడిగింది.

"పైన గుడ్డ, బల్బులు, అంతేన్నా. పిల్ల నెత్తిన బంగారం కొంచెం." మల్లీశ్వరి గొంతు తగ్గింది. "పెద్దామె లెయ్యాలని చూస్తాంది. టీవీ పైన తొంగి చూస్తే కింద కనపడతాదనుకుంటాంది."

నా చెయ్యి వణికింది. ఇక్కడ కాఫీ చాలనడానికి కప్పు ఊపుతారు. కుర్రవాడు నాకు చాలనుకుని కప్పు తీసుకుపోయాడు.

రెండో క్యాసెట్టు కూడా అయ్యాక అర్బాబ్ తల్లి గదిలోకి పోయి వచ్చాడు. నవ్వు లేదు.

"అమ్మ ఏడుస్తోంది. కళ్ళు తిరగలేదు, మొదలు బాగుంది, చివర భోజనాలూ బాగున్నాయి అంటోంది. పిల్ల మొహం ఏదీ అని అడుగుతోంది. మొదలూ చివరా బాగున్నప్పుడు ఆ కాస్త ఎందుకు లేదు?"

చాంద్ బీని అడిగి ఆ మొదటి క్యాసెట్టు తెప్పించి, నా వేలి మీద ఆనించాను. వాలి తివాచీ మీద పడింది. మొత్తం చెప్పాను. ఆయన దాన్ని తీసుకుని తన వేలి మీద పెట్టి చూశాడు. మళ్ళీ పడింది.

"నీకిది ఎప్పుడు తెలిసింది?"

"నిన్న. పందిరి బయట."

"నిన్న చెప్పి ఉంటే, పిల్లను మళ్ళీ ఒకసారి నడిపించేవాళ్ళం. అందరూ అక్కడే ఉన్నారు."

ఆ లెక్క నాకు తట్టనే లేదు. నేను నా కాగితం మీద సంతకం పడుతుందా లేదా అనే తూచాను.

తెర వెనక నుంచి చాంద్ బీ అంది, తనకు వచ్చిన హిందీలో: "అర్బాబ్, రెండో క్యాసెట్టు బరువు కట్టి తీశాను. అది బాగుంది. ఇంకొక్కసారి నడిపించండి, చాలు."

ఆయన క్యాసెట్టును నా ముందు పెట్టాడు. "శుక్రవారం పిల్ల పుట్టింటికి వస్తుంది. ఆ బట్టలే వేసుకు రమ్మంటాను. ఎంతమంది వస్తే అంతమంది. అమ్మ అప్పటిదాకా ఉండాలి. నిన్నటి నుంచి సరిగా తినడం లేదు." లేచాడు. "సంతకం మాట అప్పుడు."

దుకాణానికి వచ్చి షట్టరు సగం దించాను. అరలోంచి కొత్త క్యాసెట్టు తీసి సీలు చించాను. కెమెరాలో పెట్టి, పిడిని పైకప్పు కొక్కేనికి కట్టి వేలాడదీశాను, మా నాన్న విల్లు లాగే. బొత్తాం నొక్కాను. చాంద్ బీ వాచిన చేతికి తడిగుడ్డ చుట్టుకుని ఎదురుగా బియ్యం బస్తా మీద కూర్చుంది.

"అది అమ్మేది గదా?"

"మొత్తం తిరగనీ."

రీలు తిరుగుతోంది. ఎవరో గిరాకీ షట్టరు కింద వంగి చూసి వెళ్ళిపోయాడు. కెమెరా మూతి ఇందాక సబ్బుల అర వైపు ఉంది. ఇప్పుడు దాని పైన ఉన్న క్యాసెట్ల వైపు ఉంది. నేను ఇత్తడి రాళ్ళు ఒళ్ళో పోసుకుని, ఎప్పుడు ఎంత కట్టాలో చూస్తున్నాను. అది ఇంకా పైకి లేస్తూనే ఉంది.