గ్యాస్ కాని నొప్పి

బట్టల ఫ్యాక్టరీలో చొక్కా కాలర్లు కుట్టే ఆమెకు నెల తప్పింది. ఇంట్లో చేసుకున్న పరీక్షలో రెండు గీతలు వచ్చాయి. అంతే, ఆ ఇంట్లో ఆమె తప్ప అందరూ డాక్టర్లయిపోయారు.

వారం తిరక్కుండానే పొత్తికడుపులో కుడిపక్క పట్టేసినట్టు నొప్పి మొదలైంది. బట్టలకు ముదురు మరకలు కనిపించాయి. అత్తగారికి చెబితే, "నలుగుర్ని కన్నదాన్ని, నాకు తెలీదా? మొదట్లో ఇలాగే ఉంటుంది" అని తేల్చేసింది. భర్త ఫోనులో వెతికి, మూడు నిమిషాల్లో వైద్యవిద్య పూర్తి చేసుకుని, "టెన్షన్ పడుతున్నావు" అన్నాడు. మందుల షాపాయన ఆమె మాట పూర్తికాకముందే గ్యాస్ బిళ్ల చేతిలో పెట్టాడు. ఆయన దృష్టిలో తన దగ్గర బిళ్ల లేని రోగం మనుషులకు రాదు.

ఇంతమంది ఒక్క మాట మీద ఉంటే తన కడుపు చెప్పేది వినడానికి ఆమెకే మొహమాటం వేసింది. బిళ్ల మింగి పనికి వెళ్లింది.

మర్నాడు మధ్యాహ్నం మిషను ముందు ఉండగా కత్తితో కోసినట్టయింది. కాసేపటికి కుడి భుజం చివర లాగసాగింది. కళ్లకు చీకట్లు కమ్మాయి.

"వంగి కుట్టొద్దని ఎన్నిసార్లు చెప్పానమ్మా" అన్నాడు సూపర్‌వైజర్. భుజానికి కూడా ఒక డాక్టరు దొరికాడు.

ఇస్త్రీ చేసే పెద్దావిడ వచ్చి చెయ్యి పట్టుకుని చూసింది. చల్లటి చెమట.

"నెల తప్పిందన్నావు కదూ? నొప్పి ఒక్క పక్కేనా?"

"ఒక్క పక్కే అక్కా. భుజం కూడా లాగేస్తోంది."

"అది మిషన్ నొప్పి కాదే. మా చెల్లికీ ఇలాగే అయింది. లేవకు, అంబులెన్స్ పిలుస్తున్నా."

"మా ఆయన్ని ఒక్క మాట అడిగి..."

"బతికాక అడుగుదువుగానిలే."

ఆసుపత్రిలో స్కాన్ చూసిన డాక్టరమ్మ ఆమె పక్కన కూర్చుని చెప్పింది. "పిండం గర్భసంచిలో కాదమ్మా, ట్యూబులో నిలిచింది. ట్యూబు అంత సాగదు, చిట్లిపోయింది. లోపల కారిన రక్తం ఊపిరితిత్తుల కింది పొరను తాకితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. ఇందులో నీ తప్పేం లేదు. ఈ గర్భాన్ని ఎవరూ నిలబెట్టలేరు. ఇప్పుడు నిన్ను నిలబెట్టుకోవాలి."

వెంటనే ఆపరేషన్ చేసి కుడి ట్యూబు తీసేశారు. రక్తం ఎక్కించారు.

మర్నాడు అత్తగారు మంచం పక్కన సర్దుకుని కూర్చుని, "బరువులు ఎత్తి ఉంటావు" అని మొదలుపెట్టింది. "నాకు ముందే అనుమానంగా ఉంది" అన్నాడు భర్త.

నవ్వితే కుట్లు లాగుతాయి, ఏడ్చినా లాగుతాయి. ఆమె రెండూ మానేసి డాక్టరమ్మను పిలిపించి, "నాకు చెప్పినట్టే వీళ్లకీ చెప్పండి" అంది.

చెప్పడం అయ్యాక అత్తగారు లేచి తన కుర్చీ డాక్టరమ్మకు జరిపింది. భర్త కిందికి జారిన దుప్పటి ఆమె పాదాల మీద కప్పాడు.

"మిగిలిన ట్యూబుతో మళ్లీ గర్భం రావచ్చు. కానీ ఈసారి నెల తప్పగానే రావాలి" అంది డాక్టరమ్మ.

"మేం తీసుకొస్తామండీ" అన్నాడు భర్త.

"నేనే వస్తాను. మీరు వెనకాల రండి" అంది ఆమె.