అద్దాల గదిలో జొన్నరొట్టె

నంద్యాలలో కొత్తగా పెట్టిన ఆ హోటలు గురించి ఏం చెప్పమంటారు! గుమ్మంలో ఎద్దులబండి, గోడలకు చేటలు, గంపలు, మూలమూలకీ ఫోటో దిగడానికి లాంతర్లు. కూరలో ఉప్పుందో లేదో అడిగే నాథుడు మాత్రం లేడు. అన్నిటికంటే పెద్ద వింత, హాలు మధ్య అద్దాల గదిలో జొన్నరొట్టెలు తట్టే జయమ్మ.

తట్టడమే ఆమె పని, కాల్చడం లేదు. పొయ్యిలో కట్టెల కింద వెలిగేది ఎర్ర బల్బు. ఏసీ హాల్లో పొగ రాకూడదు కదా మరి! తట్టిన రొట్టెను చల్లటి పెనం మీద వేసి, తీసి, ముద్ద చేసి, మళ్లీ తట్టాలి. జనం తినే రొట్టెలు ఎక్కడినుంచో ప్యాకెట్లలో వస్తాయి. ఆ సంగతి బయటికి పొక్కినా, జనం ఉండగా గది వదిలి వచ్చినా పని పోతుందని మేనేజరు హరీశ్ మొదటిరోజే చెప్పాడు.

ఆళ్లగడ్డలో ఉన్న అన్న శాంతయ్యకు మాత్రం ఆమె ఫోన్లో గొప్పగా చెప్పుకుంది. "నంద్యాలంతా నా రొట్టే తింటాందన్నా!" వదిన పోయినప్పటి నుంచి సరిగ్గా అన్నం ముట్టని మనిషి, ఆ మాటకు పొంగిపోయి, ఆదివారం చర్చి కాగానే చెప్పాపెట్టకుండా బస్సెక్కి వచ్చేశాడు.

ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎదుటి టేబుల్ దగ్గర కూర్చున్న అన్నను చూసి జయమ్మ తట్టే రొట్టెను సగంలోనే వదిలేసింది. ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని రొట్టె తుంచబోయాడు. తెగలేదు. రెండు చేతులా లాగాడు. నమిలి నమిలి నీళ్లతో మింగాడు.

"తినాకన్నా! అది నాది కాదు!" పిండి చేతులతో అద్దం మీద కొట్టింది జయమ్మ. మాట అవతలికి పోతే కదా! పక్క టేబులు వాళ్లు మురిసిపోయి ఫోన్లు తీసి వీడియో పట్టారు. శాంతయ్య కూడా నవ్వి చెయ్యి ఊపాడు. చెల్లెలు చేసిన రొట్టె కదా, ముక్క మిగల్చకుండా తిన్నాడు.

పోతూ పోతూ అద్దాల గది తలుపు తీసి తల లోపలికి పెట్టాడు. వెనకే హరీశ్ నిలబడ్డాడు.

"ఏం మా, రొట్టె అట్ల చేసినావే? చేతులు నొస్తాండాయా?"

పని పోతే పోయింది, పాడు పని! కానీ ఈ గదిలో ఆటబొమ్మలా కూర్చుంటున్నానని, ఇన్నాళ్లూ ఒక్క రొట్టె కూడా కాల్చలేదని అన్నకు ఏ మొహంతో చెప్పేది?

"వయసైపాయ కదన్నా" అంది చివరికి.

శాంతయ్య గొంతు తగ్గించాడు. "బాధపడాకు మా. ఆళ్లగడ్డలో ఎవురికీ చెప్పనులే."