మిస్ వెర్నా పడవలో అరటిపండు

రేలీన్‌కు అన్నిటికంటే పెద్ద భయం, తను తల తిప్పిన ఆ ఒక్క క్షణంలో కూతురు జూనీ నీళ్ళలో పడి మునిగిపోతుందని. ఇల్లేమో బ్లూగమ్ సరస్సు ఒడ్డున. సరస్సు సరే, స్నానాల తొట్టెను చూసినా భయమే, కుక్కకు నీళ్ళు పోసే గిన్నెను చూసినా భయమే. జూనీకి రెండేళ్ళు. ఆ రెండేళ్ళలో రేలీన్ ఒక్క పూటైనా పిల్లను వదిలి ఉండలేదు. పదకొండో తరగతి మధ్యలో బడి మానేసిన తనకు లోకంలో తెలిసిన విద్య ఇదొక్కటే, కాపలా కాయడం.

అలాంటి మనిషి ఏప్రిల్‌లో ఒక శనివారం పిల్లను మొగుడు లానీ చేతుల్లో పెట్టి, అత్తగారితో కలిసి ఆడవాళ్ళు బాస్ అనే చేపలు పట్టే పందేనికి బయల్దేరింది.

బయల్దేరక తప్పలేదు. అత్తగారు మిస్ వెర్నాకు డెబ్భై ఒకటి. ముప్పై ఏళ్ళుగా ఏ ఒక్క ఏడూ ఆ పందెం మానలేదు. కానీ కిందటి శీతాకాలం, పడవలో ఆవిడకు జోడీగా వెళ్ళే మనిషి తన కూతురి దగ్గరికి వేరే ఊరు వెళ్ళిపోయింది. దానికి తోడు మిస్ వెర్నా వేళ్ళ కీళ్ళు వాచిపోయి, సన్నదారం ముడి వెయ్యలేని స్థితి వచ్చింది. లానీ భోజనాల బల్ల దగ్గర తేల్చి చెప్పేశాడు.

"అమ్మా, నిన్ను ఒంటరిగా నీళ్ళ మీదకి పంపేది లేదు. జోడీ ఎవరైనా ఉండి, పొద్దుట్నించి మూడింటిదాకా నీతో నిలబడి, ఇద్దరూ క్షేమంగా తిరిగొస్తారా, సరే. మధ్యలో వెనక్కొచ్చారా, పడవ కొట్టంలోకెక్కుద్ది. ఇంక దిగదు."

మిస్ వెర్నా మొక్కజొన్న రొట్టె మీద వెన్న రాస్తూ ఉండిపోయింది. జన్మలో మాటకు మాట అప్పుంచుకోని మనిషి అలా ఊరుకోవడం చూడలేక, రేలీన్ నోరు తనంతట తనే తెరుచుకుంది. "నేనొస్తాను" అంది. అన్న మరుక్షణం నాలుక కరుచుకుంది.

ఆ తర్వాత రెండు నెలలు వంటింటి బల్లే బడి. మిస్ వెర్నా చెప్పేది, రేలీన్ గాలానికి ఎర కట్టేది.

"టెక్సస్ కట్టు ఇదీ. సీసం గుండు ఎర ముక్కు మీదే కూర్చోవాలి. గాలం మొనని ప్లాస్టిక్ వానపాము ఒంట్లో దాచెయ్. అప్పుడు ఎంత నాచులో వేసినా చిక్కుకోకుండా జారిపోతది. కరొలైనా కట్టేమో, గుండు ముందు నేల మీద దొర్లుకుంటా పోద్ది, ఎర రెండు మూరలు వెనక తేలతా వస్తది."

"మరి ఇదేంటి మిస్ వెర్నా, నడుం మధ్యలో గుచ్చారు?"

"అది వెర్రి కట్టు. రెండు కొసలూ వేలాడతా, ఒణుక్కుంటా దిగుద్ది. దాన్ని చూస్తే చేపకి జాలేస్తదో, ఆకలేస్తదో నాకిప్పటికీ తెలీదు."

ముడి బిగించే ముందు నోట్లో పెట్టి తడపాలి. పొడి దారం రాపిడికి కమిలిపోతుంది, పెద్ద చేప లాగినప్పుడు అక్కడే తెగుతుంది. అది చూసి జూనీ కూడా చెంచాల మీదా, బొమ్మల మీదా, కుక్క తోక మీదా ఉమ్మడం నేర్చుకుంది.

పందెం రోజు తెల్లవారేసరికి రేవు దగ్గర ట్రక్కులు వరస కట్టి ఉన్నాయి. నీళ్ళ మీద మంచు పొగలా లేస్తోంది. రేలీన్ ఇంటి దగ్గరే తేలుడు చొక్కా తొడుక్కుని, అన్ని పట్టీలూ బిగించుకుని, ట్రక్కులో కూర్చుంది.

"ట్రక్కులో కూడా మునుగుతావేంటే?" అంది మిస్ వెర్నా.

"ఏమో, చెప్పలేం కదండీ."

పడవను నీళ్ళలోకి దించే ముందు సామానంతా అందులోకి ఎక్కిస్తున్నారు. రేలీన్ చేతిలో, అలవాటు కొద్దీ, జూనీ సంచి ఉంది. దాన్ని అందుకుంటూ మిస్ వెర్నా ఆగిపోయింది.

"ఇందులో పసుపుపచ్చగా ఏంటది?"

"అరటిపండండీ."

"ఓరి దేవుడో! నా పడవలోకి అరటిపండా? అరటిపండెక్కిన పడవకి చేప పడదే, దరిద్రం!"

"జూనీకని..."

"జూనీ వస్తందా మనతో?"

"లేదండీ."

"మరి ఎవరికే? చేపలకా?"

పక్క ట్రక్కులోంచి ఓపాల్ తల బయటికొచ్చింది. ఓపాల్ మిస్ వెర్నాకు చిన్ననాటి స్నేహితురాలు, ముప్పై ఏళ్ళ ప్రత్యర్థి, పందేనికి పెద్ద కూడా. నీళ్ళ మీద ఎంత దూరాన ఉన్నా వినపడే గొంతు.

"ఏమర్రోయ్, వెర్నా పడవలో అరటిపండంట! ఈ ఏడు మనకి ఒక పడవ తగ్గినట్టే!"

"నీ నోరు పడిపోనూ! ఇంకా ఎక్కించలేదు. నేల మీదే ఉంది."

"పారేస్తానుండండి" అంది రేలీన్, సిగ్గుతో చచ్చిపోతూ.

"పారేస్తే దరిద్రం పోదు. ఇక్కడే, నేల మీద నిలబడి, తినెయ్యాలి. ఓపాల్, దిగు, నువ్వూ ఓ ముక్క తిను. నీకూ కాస్త అంటుకోవాలి."

ముగ్గురూ ట్రక్కుల మధ్య నిలబడి, సగం పచ్చిగా ఉన్న ఆ పండును మొహాలు ముడుచుకుని నమిలారు. ఓపాల్ అటు తిరిగిన క్షణాన మిస్ వెర్నా తొక్కను ఆవిడ ట్రక్కు కిందకి విసిరేసింది. ఈ హడావిడిలో ఉండగానే బయల్దేరమని కూత వేశారు. పడవ నీళ్ళలోకి జారింది.

మిస్ వెర్నా పడవ నడపడం రేలీన్ చూడటం అదే మొదటిసారి. ఎర్ర టోపీ వెనక్కి తిప్పి పెట్టుకుని, వాచిన వేళ్ళతో చక్రం పట్టుకుని, ఎగిరే పిట్టలా పోనిచ్చింది. రేలీన్ కళ్ళు మూసుకుని తనకు తెలిసిన ప్రార్థనలన్నీ చెప్పుకుంది. తెలియనివి కూడా కొన్ని కల్పించుకుంది.

లోతుగా ఉన్న రాతి మలుపు దగ్గర ఆగారు. కరొలైనా కట్టు కట్టి, గుండు నేలకు తగిలేదాకా లెక్కపెట్టి, మెల్లగా లాగసాగారు. ఒక చిన్న చేప పడింది, అంతే. రేలీన్ ఐదు నిమిషాలకోసారి ఫోను చూసుకుంటోంది. ఆరోసారి చూసుకునేసరికి కాళ్ళకు చల్లగా తగిలింది. బూట్ల నిండా నీళ్ళు.

"మిస్ వెర్నా... పడవలోకి నీళ్ళెందుకొచ్చాయి?"

మిస్ వెర్నా కిందకి చూసింది. నీళ్ళు తోడే మోటారు మూలుగుతోంది గానీ దాని వల్ల అయ్యే పనిలా లేదు. ఆవిడ మొహం తెల్లగా పాలిపోయింది.

"బిరడా" అంది. "వెనకాల నీళ్ళు వదిలే కంతకి బిరడా పెట్టలేదు. ట్రక్కులోనే ఉండిపోయింది. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి మర్చిపోలేదే! ఆ అరటిపండు..."

"మునిగిపోతున్నామా?"

"కూర్చో, గట్టిగా పట్టుకో!"

పడవ ఇంజను గర్జించింది. పడవ ముక్కు పైకెత్తి దూసుకుపోతుంటే, లోపలి నీళ్ళన్నీ వెనక కంతలోంచి ధారగా బయటికి పోయాయి. కాసేపటికి కాళ్ళ దగ్గర తడి తప్ప ఏమీ మిగల్లేదు.

"చూశావా? పరిగెడుతున్నంతసేపు మునగం" అంది మిస్ వెర్నా.

"మరి ఆగితే?"

"ఆగితే మునుగుతాం."

"అయితే రేవుకి పోదామండీ! ఇంటికి పోదాం! బాబ్బాబు, ఇంటికి పోదాం!"

మిస్ వెర్నా వాదించలేదు. రేవుకు తిరిగి వెళ్తే ఆ రోజుకి ఆట ముగిసినట్టే, పందెం నియమం అది. ఆవిడ చక్రాన్ని రేవు వైపు తిప్పింది. "సరేలే అమ్మడూ. లానీ అన్నదే నిజం. నాకే వయసైపోయింది" అంది. అని, రొట్టె మీద వెన్న రాసిననాటి మొహమే పెట్టుకుని ముందుకు చూస్తూ కూర్చుంది.

రేలీన్ ఆ మొహం వైపు ఒకసారి చూసింది. దూరంగా రేవు కనిపిస్తోంది. అక్కడినుంచి పది నిమిషాల్లో ఇల్లు, ఇంట్లో జూనీ. ఎడమ పక్కన, ఒడ్డు లోపలికి వంగిన చోట, ఉత్తరపు కోన, రెల్లు గడ్డి, పల్చటి నీళ్ళ అడుగున తెల్లగా ఇసక.

"అక్కడ లోతెంతుంటది?" అంది.

"తొడలదాకా. ఏం?"

"అటు తిప్పండి. పడవని ఇసక మీదకి ఎక్కించండి. నేను దిగుతా."

"నువ్వా?"

"నేనే! ఇంకోసారి అడిగితే మనసు మారుద్ది, తిప్పండి!"

పడవ ఇసకకు తాకగానే రేలీన్ జూనీ సంచి మెడకు తగిలించుకుని నీళ్ళలోకి దూకేసింది. కెవ్వుమని అరిచింది. చలికి అరిచిందో, భయానికి అరిచిందో గానీ కొంగలు రెండు లేచిపోయాయి. నీళ్ళు తొడల దగ్గరే ఆగాయి. పడవ వెనక్కి నడిచి, సంచిలోంచి డయపరు ఒకటి తీసి, మధ్యలో లావాటి ప్లాస్టిక్ వానపాము పెట్టి చుట్టగా చుట్టి, కంతలోకి తిప్పుతూ తిప్పుతూ కుక్కింది. నీళ్ళు తాగే కొద్దీ అది ఉబ్బి కంతకు బిగుసుకుంది. సగం లోపల, సగం బయట.

"ఒక్క బొట్టు రాట్లేదు!" అని పడవలోంచి మిస్ వెర్నా అరిచింది. "ఏం పెట్టావే?"

"జూనీ డయపరండీ!"

మిస్ వెర్నా నవ్వడం మొదలుపెట్టింది. కూర్చుని నవ్వి, వంగి నవ్వి, చివరికి టోపీ తీసి కళ్ళు తుడుచుకుంది. రేలీన్ కూడా ఆ నీళ్ళలోనే నిలబడి, పడవ అంచు పట్టుకుని, పక్కటెముకలు నొప్పెట్టేదాకా నవ్వింది.

అప్పుడు చూసింది. కాళ్ళకు నాలుగు బారల దూరంలో, ఇసకలో పళ్ళెమంత గుండ్రటి చోటు, ఎవరో చీపురుతో ఊడ్చినట్టు శుభ్రంగా. దాని మీద ఒక చేప అటూ ఇటూ తిరుగుతోంది. అవతల ఇంకో పళ్ళెం. దాని అవతల ఇంకోటి.

"కదలకు" అంది మిస్ వెర్నా, గొంతు తగ్గించి. "గుడ్లు పెట్టడానికొచ్చాయి. ఇంత త్వరగా వస్తాయనుకోలేదు, అందుకే అంతా లోతుకి పోయారు."

"తల్లి కాపలా కాస్తందా?"

"తల్లా? తల్లి గుడ్లు పెట్టేసి చక్కా పోతది. కాపలా కాసేది అయ్యగారు. రాత్రీ పగలూ, తిండి కూడా మానేసి. వాడి జోలికి పోవద్దు. ఆడవి అదిగో, అక్కడ, నీళ్ళు నల్లబడే చోట ఉంటాయి. ఒళ్ళు పెద్దవి. ఎక్కు పైకి. వెర్రి కట్టు కట్టు."

రేలీన్ చలికి వణుకుతూనే కట్టింది. ముడి నోట్లో తడిపి బిగించింది. వానపాము నడుం వంచి, రెండు కొసలూ ఆడిస్తూ నల్లటి నీళ్ళలోకి దిగింది. దారం కాస్త పక్కకు జరిగింది, అంతే.

"ఇప్పుడు!" అంది మిస్ వెర్నా.

రేలీన్ కర్ర ఎత్తింది. కర్ర విల్లులా వంగింది. చేప నీళ్ళు చీల్చుకుని గాల్లోకి లేచి, తల విదిలించి, మళ్ళీ పడింది. "దారం వదులు! ఇప్పుడు లాగు! వదులు! అబ్బా, నువ్వు బట్టలు పిండట్లేదే, చేపని తెస్తన్నావు!" అని మిస్ వెర్నా గంతులేస్తోంది. పడవ అంచు దాకా తెచ్చాక రేలీన్ వంగి, చేప కింది దవడను బొటనవేలితో పట్టి పైకెత్తింది. తెరిచిన ఆ నోట్లో జూనీ రెండు పిడికిళ్ళూ పడతాయి.

ఆ తర్వాత మధ్యాహ్నం దాకా వాళ్ళకు లోకం తెలియలేదు. పడ్డ చేపల్లో చిన్నవాటిని వదిలేసి, తూకానికి ఐదే లెక్క కనుక, పెద్దవి ఐదింటిని నీళ్ళ తొట్టెలో బతికుంచుకున్నారు. ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు ఒలుచుకు తిన్నారు. రెండు గంటలవుతుండగా రేలీన్ ఉలిక్కిపడింది. ఆ కోనలో సిగ్నలే లేదు. పొద్దున తొమ్మిది నుంచి తను ఫోను ముట్టనేలేదు.

"మిస్ వెర్నా! జూనీ!"

"లానీ ఉన్నాడుగా పళ్ళెం మీద" అంది ఆవిడ, కాయ ఒలుస్తూ.

మూడింటికి పది నిమిషాలుందనగా రేవుకు చేరారు. లానీ భుజాల మీద జూనీ కూర్చుని ఉంది. పిల్లకు తేలుడు చొక్కా తొడిగి ఉంది.

"పొద్దున్నుంచీ విప్పలేదు" అన్నాడు లానీ, బెదురుచూపులతో. "నిద్రపోయినప్పుడు కూడా. నువ్వు లేకపోతే నాకు భయమేసింది."

రేలీన్ మొగుణ్ణి, పిల్లను కలిపి కౌగిలించుకుంది. ముగ్గురికీ చేపల వాసన అంటింది.

ఓపాల్ తూకం దగ్గర నిలబడి పడవ వెనక వైపుకు వేలు చూపించింది. "వెర్నా, నీ పడవకి పసిపిల్లల జబ్బేమన్నా పట్టుకుందా? వెనకాల అదేంటి వేలాడతంది?" రేవంతా గొల్లుమంది. మిస్ వెర్నా నడుం మీద చేతులేసుకుని, "తూకం చూసి మాట్లాడు ముందు" అంది.

ఐదు చేపలకు పదిహేడు పౌండ్లు. ఓపాల్ పడవకు పంతొమ్మిది. పందెం ఓపాల్‌దే. కానీ రోజు మొత్తంలో అతి పెద్ద చేప రేలీన్‌ది, ఏడు పౌండ్ల పైచిలుకు. దానికి బహుమానంగా పొగబెట్టిన పంది తొడ ఇచ్చారు. చేపలన్నిటినీ తిరిగి సరస్సులో వదులుతుంటే జూనీ ఒక్కొక్కదానికీ చెయ్యి ఊపింది. రేలీన్ పిల్ల పక్కనే నీళ్ళ అంచున కూర్చుంది. పిల్ల చొక్కా వెనక పట్టీని వదల్లేదు. భయం అంత తేలిగ్గా ఎక్కడ పోతుంది? కానీ చెయ్యి పట్టీని బిగించి లాగలేదు.

లానీ తల్లిని పడవ సంగతి అడగలేదు. డయపరును కంతలోంచి బయటికి లాగి, తలకాయ ఊపి, పడవను కడిగాడు. అది కొట్టంలోకి వెళ్ళలేదు.

ఇది జరిగి ఏడాదైంది. ఇప్పుడు రేలీన్‌కు ఎనిమిదో నెల, పడవ ఎక్కొద్దంది డాక్టరమ్మ. లానీకి పగలంతా పని. మిస్ వెర్నా మాత్రం మంగళవారం మంగళవారం "పడవ కడిగొస్తా" అని ఒంటరిగా రేవుకు వెళ్తోంది. అన్నిసార్లు పడవ ఎవరూ కడగరని ఇంట్లో అందరికీ తెలుసు. రేలీన్ కిటికీ దగ్గర కూర్చుంటుంది గానీ, అక్కడినుంచి ఉత్తరపు కోన కనపడదు.

కనుక మీరెవరైనా మంగళవారం పూట బ్లూగమ్ సరస్సులో పడవ దింపితే, దయచేసి ఆ కోన వైపు ఒక్కసారి చూసి వెళ్ళండి. రెల్లు గడ్డి పక్కన ఆకుపచ్చ పడవ ఉంటుంది, అందులో ఎర్ర టోపీ. చెయ్యి ఊపండి. ఆవిడ తిరిగి ఊపితే మంచిదే. ఊపకపోతే కంగారు పడకండి, చేప తగిలి ఉంటుంది. కాసేపు ఆగి, మళ్ళీ చూడండి.