దొరువు అడుగున చేప

ఇసుక జారుతున్న చప్పుడు.

జర్రు... జర్రు...

ఎవరో చేటలో నూకలు చెరుగుతున్నట్టు, మెల్లగా.

దొరువు గట్టున కూర్చుని కామమ్మ ఆ చప్పుడే వింటోంది. గుంట లోపల ఆమె కొడుకు గంగాధరం ఉన్నాడు. నడుముకు మోకు. చేతిలో గడ్డపార. మోకు రెండో కొస పైన మేనల్లుడు పోలేరయ్య పట్టుకున్నాడు.

తెల్లని ఎండ. సముద్రం మీంచి వేడిగాలి. నాలుక మీద ఉప్పు.

కోట ఊరికి తూర్పున, ఆ ఇసుక నేలలో, నీళ్ళకొక ధర్మం ఉంది. తీపి పైన తేలుతుంది. ఉప్పు కింద పొంచి ఉంటుంది. అందుకే దొరువును ఎవరూ లోతు తియ్యరు. నడుము లోతు గుంట — అంతే. ఊరిన నీటిని ముంతతో మీదమీదనే తోడుకుంటారు. కాపురానికొచ్చిన కోడలికి అత్త చెప్పే మొదటి మాట అదే.

అడుగు కదిలించకు.

అరవై మూడులో వాన మొహం చాటేసింది. పైన తేలే నీళ్ళూ ఉప్పెక్కాయి. గంజి ఉప్పు. అన్నం ఉప్పు. చూలాలైన కోడలు వెంకటశేషమ్మ తాగిన నీళ్ళు తాగినట్టే కక్కుకునేది.

"అల్లూరు పోదాం మా," అన్నాడు గంగాధరం. "మా మామవాళ్ళ ఊళ్ళో నాట్లకన్నా పిలుస్తారు. యాడైతే ఏంది, నీళ్ళుంటే చాలు."

"మీరు పొండి. నేను రాను."

కామమ్మ ఎలా వస్తుంది? ఆమె పెనిమిటి కామాక్షయ్య ఈ సముద్రం మీదికే పోయాడు. పడవ ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మనిషి రాలేదు.

రానివాడు ఇక రాడని ఎవరు చెప్పగలరు?

గంగాధరం వాళ్ళు ఊరు విడిచే ముందు, ఆఖరి ఆశగా, మిట్ట మీది దొరువును కాస్త లోతు తీశారు. గడ్డపార ఖంగుమంది. రాయి. అప్పడాలు పేర్చినట్టు పలచని పొరలు. ఒక పొర విడిపోయింది.

లోపల — చేప.

చింతగింజ రంగు పొలుసులు, పలకలు పేర్చినట్టు నున్నగా. విసనకర్రలా విచ్చుకున్న రెక్కలు, ఈనె ఈనె లెక్కపెట్టేటట్టు. వాళ్ళ వలల్లో ఏనాడూ పడని చేప.

"పులుసు పెడితే ఎన్ని కట్టెలు కాలాలో కామమ్మత్తా!" అన్నాడు పోలేరయ్య.

ఆ వింత కోట దాకా పాకింది. రాళ్ళు పరిశీలించే సర్కారు ఆఫీసరు జీపులో వచ్చాడు. చేపను పసిబిడ్డలా రెండు చేతులతో ఎత్తాడు. కోట్ల ఏళ్ళ కిందట బతికి రాయైపోయింది అన్నాడు. అప్పుడిక్కడ సముద్రం లేదట, మడుగు ఉండేదట. ఇది మంచినీళ్ళ చేపట. దూదిలో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

కోట్ల ఏళ్ళు కామమ్మ చెవికెక్కలేదు. ఒక్క మాటే ఎక్కింది.

మంచినీళ్ళ చేప.

"నీళ్ళు లేకుండా చేప యాడుంటాదిరా? దాని కింద తీపి నీళ్ళుండాయి. తవ్వు అబ్బయ్యా."

"ఆ నీళ్ళు కూడా రాయైపోయినాయేమో అత్తా," అని నవ్వాడు పోలేరయ్య.

గంగాధరం నవ్వలేదు. తల్లి మొహం చూశాడు. దిగాడు.

ఆమే పంపింది. నీళ్ళ కోసం కాదు. నీళ్ళుంటే వాడుంటాడని.

రాయి పగిలింది. గుంట నిలువులకు నిలువులు దిగింది. ఇసుక గోడలకు తాటిమట్టల దడి అడ్డం పెట్టారు. ఇప్పుడా దడి సందుల్లోంచే...

జర్రు... జర్రు...

మట్టలు కడుపుతో ఉన్నట్టు ముందుకు ఉబ్బాయి. కామమ్మ చూసింది. చూసి — నోరు మూసుకుంది.

పనిలోకి దిగినవాణ్ణి వెనక్కి పిలవకూడదు. ఆ రోజూ ఆమె మబ్బు చూసింది. పడవ నెడుతున్న కామాక్షయ్య వీపు చూసింది. పిలుపు గొంతు దాకా వచ్చింది. పిలవకూడదని పిలవలేదు.

"మా! తడి తగిలింది!" లోపల్నుంచి గంగాధరం కేక. "ఊరతా ఉండాయి!"

నీళ్ళు.

తీపైతే వాడు ఉంటాడు. ఇంకొక్క క్షణం... ఒక్క గుక్క...

మట్ట ఒకటి ఫటేలుమంది.

"పైకి రారా!"

"ఉండు మా, నోట్లో పోసుకుని —"

"రారా నాయనా! పోలేరా, లాగు! లాగరా!"

తనూ మోకు పట్టుకుంది. అరచేతులు చీరుకుపోయాయి. గంగాధరం తల గట్టు పైకి వచ్చింది. భుజాలు వచ్చాయి. అతని కాళ్ళ కింద గోడ కూలింది. గడ్డపార, దడి, తడి — అన్నీ ఇసుక కిందికి పోయాయి.

గంగాధరం బోర్లా పడి ఇసుక ఉమ్ముతున్నాడు. తర్వాత లేచి తన ఖాళీ చేతులు చూసుకున్నాడు.

"దోసిట్లోకి తీసుకున్నా మా. నోటి దాకా తెచ్చినా. తీపో ఉప్పో చూడనిస్తివా?"

ఆమె అతని తల, మెడ, చేతులు తడుముతూనే ఉంది.

"రేపు పోతా ఉండాం," అన్నాడు మెల్లగా. "నువ్వు?"

కామమ్మ చెయ్యి అతని భుజం మీదే ఆగిపోయింది. తియ్యలేదు. కళ్ళు మాత్రం సముద్రం వైపు పోయాయి. తూర్పున అల విరిగింది. మళ్ళీ విరిగింది.

కింద ఎక్కడో, ఎవరూ రుచి చూడని నీటి మీద, ఇసుక ఇంకా జారుతోంది...

జర్రు... జర్రు...