కద్మా పార్కులో ఇనప తూగుబల్ల

సాయంత్రం ఉక్కు కార్ఖానాలో డ్యూటీ దిగిన జనం టాటానగర్ కద్మా పార్కులో తూగుబల్ల దగ్గర చేరడం మామూలే. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు, పాత పట్టాలూ అరిగిన చక్రాలూ అతికించి వెల్డరు సూర్యం చేసిన బల్ల అది. ఎక్కి ఊగితేనే బొమ్మ, ఊరికే చూస్తే తుక్కు అనేవాడు. ఒంటి బరువుతో దానికి పనిలేదు. ఎదుటి మనిషి మీద ఎవరికి కుళ్ళెక్కువో వాళ్ళ కొస దిగిపోతుంది. పిల్లలకి ఘడియకో బుద్ధి గనక హాయిగా ఊగుతారు. తోటికోడళ్ళు ఎక్కుతారు, ఒకావిడ దిగిపోతుంది, అందరూ నవ్వుతారు, అక్కడితో తగువు సరి.

సన్యాసిరావు మాత్రం దాని ఛాయలకే పోడు.

అతనిదీ సూర్యానిదీ పలాస దగ్గర ఒకే వీధి. ఒకే రైలెక్కి టాటానగర్లో దిగారు. సూర్యం వెల్డింగులో చేరాడు, సన్యాసిరావు కాంట్రాక్టు కూలీగా. సన్యాసిరావు మట్టితో చేసే అమ్మవారి బొమ్మలు పండగ వెళ్ళగానే ఏట్లో కరిగిపోతాయి. సూర్యం ఇనుము ఎండకీ వానకీ చెక్కుచెదరదు. పేపర్లో సూర్యం ఫోటో పడ్డ రోజు సన్యాసిరావుకి అన్నం సయించలేదు. ఊరి నడుమ సాక్చిలో పెట్టే పెద్ద బొమ్మ కూడా సూర్యాన్నే చెయ్యమన్నారని విని కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు. అసలు వాడికి మట్టి పిసకడం నేర్పిందెవరు? కడుపు మండదూ మరి!

"ఊరెల్లిపోదాం," అన్నాడు పెళ్ళాం బంగారమ్మతో. "ఇక్కడుంటే రోజూ ఆడి ముకం సూడాల."

"ఊర్లో ఏటి తింతాం? నీ మట్టా?" అందామె. అయినా మొగుడి మొండితనం తెలిసి మూటలు కట్టింది.

బయల్దేరిన సాయంత్రం రిక్షాని తిన్నగా పార్కు దగ్గర ఆపించింది. సూర్యం అక్కడే ఉన్నాడు.

"ఒక్కసారి ఆడితో ఎక్కి కూకో. నీ కుళ్ళెంతో సూసుకో. ఆనక ఎల్దాం," అంది. "సూర్యం, నువ్వూ రా."

నేలకి అతుక్కుపోతానని, నలుగురూ నవ్వుతారని సన్యాసిరావుకి సిగ్గుతో ప్రాణం పోయింది. సూర్యం కూడా తటపటాయించి, వదిన మాట కాదనలేక అవతలి కొసన కూర్చున్నాడు.

సన్యాసిరావు కళ్ళు మూసుకున్నాడు. కాళ్ళు నేల వదిలేశాయి. కళ్ళు తెరిస్తే గాల్లో ఉన్నాడు. సూర్యం వైపు కొస నేలకి ఆనుకుపోయి ఉంది. ఎవరూ నవ్వలేదు.

"నా మీద నీకేటిరా ఏడుపు?"

సూర్యం తలెత్తలేదు. "నువ్ సేసినదానికి జనం దండం ఎడతారన్నా. పిల్లకి జొరమొత్తే నీ అమ్మోరి కాళ్ళట్టుకుంటారు. నాదాని మీద సెప్పులేసుకుని ఎక్కుతారు. నా పెళ్ళాం కూడా నీ బొమ్మకే మొక్కుతాది."

ఇన్నేళ్ళూ తనొక్కడే కుళ్ళి చస్తున్నాననుకున్నాడు సన్యాసిరావు. జాలేసింది. అబద్ధమెందుకు, లోపల్లోపల సంబరమూ వేసింది.

"దించరా మరి."

"నా సేతిలో లేదన్నా. మనసులోంచి పోవాల గదా."

"గాడీ ఛూట్ జాయేగీ, బాబూ," అని రైలు సంగతి గుర్తుచేశాడు రిక్షావాడు. సన్యాసిరావుకి వినపడలేదు.

"సాక్చి బొమ్మకి ముకం ఎవులు సేత్తన్నారు?"

"నాకు ముకాలు రావు గదన్నా," అన్నాడు సూర్యం. తలెత్తి చూసి, "మట్టితో నువ్ సెయ్యి. నేను ఇనుములో పోత్తాను," అన్నాడు.

బల్ల కిర్రుమని బెత్తెడు కదిలింది.

బంగారమ్మ రిక్షాలోంచి మూటలు దింపుకుంది. ఆయన నేల మీదకి దిగేలోపు వంటైపోతుందిలే అనుకుంటూ ఇంటివైపు నడిచింది.